ఒకే గడప పదిసార్లు: హైదరాబాద్ వ్యాపార, సేవా, సామాజిక సభల్లో పరిచయాలు పెంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పాలకొల్లు నుంచి వచ్చి బాలానగర్‌లో అట్టపెట్టెల తయారీ మొదలుపెట్టినప్పుడు ఈ నగరంలో నాకు తెలిసినవాళ్లు నలుగురు. వారిలో ఇద్దరు బంధువులు. యంత్రం కొనడానికి బ్యాంకు అప్పు ఇచ్చింది. పెట్టెలు కొనేవాళ్లను మాత్రం నేనే వెతుక్కోవాలి. అందుకని ఆహ్వానం కనిపించిన ప్రతి సభకూ వెళ్లాను. ఏడాదిన్నరలో ముప్పైకి పైగా సభలు చూశాను. చెప్పుల అట్టపెట్టె ఒకటి విజిటింగ్ కార్డులతో నిండిపోయింది. ఆ కార్డుల నుంచి ఒక్క ఆర్డరూ రాలేదు.

ఆ తరువాత రెండు చోట్లను ఎంచుకుని, వాటికి మాత్రమే నెల తప్పకుండా వెళ్లాను. ఇవాళ నా దగ్గర పెట్టెలు కొనేవారిలో సగం మంది ఆ రెండు చోట్ల పరిచయాల వల్ల వచ్చినవారే. కష్టంలో పక్కన నిలబడిన స్నేహితులూ అక్కడివాళ్లే. పదిచోట్ల ఒక్కోసారి కనిపించిన మనిషి ఎవరికీ గుర్తుండరు. ఒకేచోట పదిసార్లు కనిపించిన మనిషిని పేరు పెట్టి పలకరిస్తారు, పని అప్పగిస్తారు, ఆ పని చూసి ఇంకొకరికి చెబుతారు. కింద చెప్పేదంతా దీని చుట్టూనే.

ఇది కొత్త సంగతి కాదు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో ఒక ఆఫీసు గదిలో నలుగురు కూర్చున్నారు: న్యాయవాది, గనుల ఇంజినీరు, బొగ్గు వ్యాపారి, దర్జీ. న్యాయవాది పేరు పాల్ హారిస్. చిన్న ఊళ్లో పెరిగి మహానగరానికి వచ్చిన ఆయనకు, ఊళ్లోని ఆప్యాయత ఇక్కడి వృత్తిదారుల మధ్య కూడా ఉండాలని కోరిక. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలుసుకునేవారు గనుక ఆ బృందానికి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. మొదట్లో స్నేహం, ఒకరి వ్యాపారానికి ఇంకొకరు తోడ్పడటం. రెండేళ్లు తిరిగేసరికి షికాగోలో ప్రజలకు మరుగుదొడ్లు కావాలని పూనుకుని పనిచేశారు. ఊరు వదిలి వచ్చిన మనిషి ఒంటరితనంలోంచి స్నేహమూ, వ్యాపారమూ, సేవా కలిసి పుట్టాయి. హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవారెవరికైనా ఆ ఒంటరితనం తెలిసినదే.

మొదటి అడుగు: రెండు వాక్యాలు రాసుకోండి

గడప దాటకముందే కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. నాకు ఏమి కావాలి? నేను ఏమి ఇవ్వగలను?

"వ్యాపారం పెరగాలి" అని రాస్తే అది వాక్యం కాదు, కోరిక. "నెలకు రెండు వేల పెట్టెలు తీసుకునే మిఠాయి దుకాణాలు మూడు కావాలి" అని నేను రాసుకున్నాను. అలా రాశాక ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడితే పొద్దు గడవడం తప్ప ఏమీ ఉండదో తేలిపోయింది. ఉద్యోగం వెతుక్కుంటున్నవారు ఏ పని, ఏ ప్రాంతంలో అని రాసుకోవాలి. నగరంలో స్నేహితులు లేక వెలితిగా ఉందంటే అదే రాసుకోండి. అది చిన్న అవసరం కాదు.

రెండో వాక్యం దగ్గర చాలామంది ఆగిపోతారు. మన దగ్గర ఇవ్వడానికి ఏముందిలే అనుకుంటారు. నేను రాసుకున్నది ఇది: "ఏ కాగితం నూనె పీలుస్తుందో, ఏది పీల్చదో చెప్పగలను. తక్కువ సంఖ్యలో ముద్రణ ఎక్కడ చేయిస్తారో చెప్పగలను." కొత్తగా పచ్చళ్ల వ్యాపారం పెట్టిన ఇల్లాలికి ఆ రెండు ముక్కలూ ఎంత విలువైనవో తరువాత చూశాను. లెక్కలు తెలిసినవారు జీఎస్టీ సందేహం తీర్చవచ్చు. ఏదీ లేదనుకుంటే సభ రోజు కుర్చీలు సర్దడానికి గంట ముందు రాగలనని రాసుకోండి. నిర్వాహకులకు అంతకు మించిన బహుమతి ఉండదు.

రెండో అడుగు: ఏ గడప దేనికో తెలుసుకోండి

హైదరాబాద్‌లో సభలకు కొరత లేదు. ఏ సభ ఎవరి కోసమో తెలియక వెళ్లడం వల్లే కాలం వృథా అవుతుంది.

తయారీ, టోకు వ్యాపారం, ఎగుమతులు మీ పని అయితే రెడ్‌హిల్స్‌లోని ఫెడరేషన్ హౌస్‌తో మొదలుపెట్టండి. తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య, అంటే ఎఫ్‌టీసీసీఐ, ఉండేది అక్కడే. ఆ సంస్థ మూలాలు 1917 నాటివి. పన్నులు, కార్మిక చట్టాలు, ఎగుమతుల మీద అవగాహన సదస్సులు జరుగుతుంటాయి. వచ్చేవాళ్లలో చాలామంది సొంతంగా యూనిట్లు నడిపేవాళ్లు, ఎక్కువగా యాభై దాటినవాళ్లు. మాటలు నెమ్మదిగా సాగుతాయి, కానీ కొనుగోలు నిర్ణయం తీసుకునే మనిషే మీ ముందు ఉంటారు.

కొత్త ఆలోచనతో అంకుర సంస్థ, అంటే స్టార్టప్, పెట్టదలచినవారికి దారి రాయదుర్గం వైపు. అలాంటి సంస్థలకు చేయూతనిచ్చే టీ-హబ్ 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో నాలెడ్జ్ సిటీలోని పెద్ద భవనంలోకి మారింది. 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ దాని పక్కనే. వస్తువు నమూనా తయారుచేయాలనుకునేవారు తప్పక చూడవలసిన చోటు. 2018 మార్చి 8న మొదలైన వీ-హబ్ మహిళా వ్యాపారవేత్తల కోసం. అనుభవజ్ఞుల సలహా కావాలంటే టై సంస్థ హైదరాబాద్ శాఖ ఉంది. ఆ సంస్థ 1992లో సిలికాన్ వ్యాలీలో భారత ఉపఖండం నుంచి వెళ్లినవారు పెట్టుకున్నది.

వారంవారం పొద్దున్నే టిఫిన్ వేళకు కలుసుకునే వ్యాపార పరిచయ బృందాలు ఇంకో రకం. వీటిలో పేరున్న బీఎన్ఐని 1985లో అమెరికాలో ఐవన్ మైజ్నర్ ప్రారంభించారు. ఒక చాప్టర్‌లో, అంటే ఒక స్థానిక బృందంలో, ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యులు. ఒక ఇంటీరియర్ డిజైనర్ ఉంటే రెండోవారికి చోటు లేదు. హాజరు ఖచ్చితం, సభ్యత్వ రుసుము ఉంటుంది, ఎవరు ఎవరికి ఎన్ని పరిచయాలు ఇచ్చారో లెక్క రాస్తారు. ఇంటింటికీ అవసరమయ్యే వృత్తులవారికి, అంటే ఆడిటర్లు, బీమా ఏజెంట్లు, ఎలక్ట్రికల్ పనులు చేసేవారికి ఈ పద్ధతి బాగా కలిసివస్తుంది. నగరం మొత్తం మీద మీ సరుకు కొనేవారు ఇరవై సంస్థలే అయితే అంత రుసుము, అన్ని ఉదయాలు పెట్టే ముందు బాగా ఆలోచించండి. అతిథిగా వెళ్లి చూసి, ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాకే సంతకం చేయండి. ఆ గదిలో ఉన్న ఉత్సాహంలో చెక్కు రాయవద్దు.

రోటరీ, లయన్స్ క్లబ్బులు సేవ కోసం ఉన్నవి. లయన్స్ 1917లో షికాగోలోనే పుట్టింది. వాటిలో వ్యాపారం పక్కన నడుస్తుందే తప్ప ముందు నడవదు. ఆరు నెలల్లో ఆర్డర్లు కావాలనుకునేవారు ఇక్కడికి రాకపోవడమే మంచిది, వారికీ క్లబ్బుకూ కూడా. స్త్రీలకు ఈ రెండింటి తలుపులూ చాలా ఆలస్యంగా తెరుచుకున్నాయి: లయన్స్‌లో 1987లో, రోటరీలో 1989లో. ఇప్పుడు కార్యదర్శులుగా, అధ్యక్షులుగా స్త్రీలు నడుపుతున్న క్లబ్బులు ఉన్నాయి.

స్నేహం కోసం, మంచి మాట వినడం కోసం అయితే బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు వెళ్లండి. ఒక ఇంటిని 2010లో సాంస్కృతిక వేదికగా మార్చారు. నాటకం, కవిత్వం, చర్చ, సంగీతం, పక్కన చాయ్, సమోసా. అక్కడ విజిటింగ్ కార్డు బయటికి తీయకండి. వచ్చినవాళ్లు మనుషులుగా వస్తారు, మనమూ అలాగే వెళ్లాలి.

నుమాయిష్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని పరిచయాల వేదికగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు హైదరాబాద్ రాష్ట్ర ఆర్థిక సర్వేకు డబ్బు కావాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. దాని రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. ఆ మైదానం పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ అలాంటివే. అక్కడ మీరు కొన్న దుప్పటి వెనక ఒక ఆడపిల్ల చదువు ఉంది. ఇక వ్యాపారం సంగతి: కాశ్మీరు శాలువల నుంచి ఊరగాయల దాకా దేశం నలుమూలల వ్యాపారులు నెలన్నర పాటు ఒకేచోట దొరికే సందర్భం ఇంకొకటి లేదు. ఆదివారం సాయంత్రం వెళ్తే జనసందోహంలో ఎవరితోనూ మాట్లాడలేరు. వారం మధ్యలో, మైదానం తెరిచిన గంటలోపు వెళ్లండి. దుకాణదారు సరుకు సర్దుకుంటూ తీరికగా ఉంటాడు. నా మొదటి పెద్ద ఖాతాదారు ఒక ఎండుఫలాల వ్యాపారి, అలా దొరికినవారే. మూడు వారాల్లో ఆయన దుకాణం ముందు ఐదుసార్లు ఆగాను. ఐదోసారి ఆయనే అడిగారు, మీ పెట్టె ఒకటి చూపించమని.

మూడో అడుగు: రెండింటినే ఎంచుకోండి

ఒకటి వృత్తికి, ఒకటి మనసుకు. అంతకు మించి వద్దు. వృత్తికి సంబంధించినది నెలకు ఒకటి రెండుసార్లు, మనసుకు నచ్చిన సేవో సాహిత్యమో ఇంకొకటి. కనీసం ఆరు నెలలు వాటినే పట్టుకోండి.

దూరం చూసుకోండి. ఎల్బీనగర్‌లో ఇల్లు ఉండి హైటెక్ సిటీలో వారం మధ్య సాయంత్రం సభకు నెలనెలా వెళ్తానని శపథం చేసినా, మూడో నెలలో మానేస్తారు. మెట్రో ఉన్నచోట సగం భారం తగ్గుతుంది. ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న సభ, దూరాన ఉన్న పెద్ద సభ కంటే మేలు.

నాలుగో అడుగు: వెళ్లే ముందు రోజు

వక్త ఎవరో, వారి సంస్థ ఏమి చేస్తుందో పావుగంట చదవండి. నిర్వాహకులకు ఒక చిన్న సందేశం పంపండి: మొదటిసారి వస్తున్నాను, ఆహారశుద్ధి రంగంలో ఉన్నవారు ఎవరైనా వస్తే పరిచయం చేయగలరా అని. పదిమంది నిర్వాహకుల్లో ఎనిమిది మంది సంతోషంగా చేస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

పరిచయ వాక్యం మీద శ్రద్ధ పెట్టండి. నేను మొదట్లో ఇలా చెప్పేదాన్ని: "మేము అన్ని రకాల ప్యాకేజింగ్ సేవలు నాణ్యంగా, సరసమైన ధరకు అందిస్తాము." విన్నవాళ్లు తల ఊపి పక్కకు చూసేవారు. ఇప్పుడు ఇలా చెబుతాను: "మిఠాయి పెట్టెకు నూనె మరకలు అంటకుండా అట్టపెట్టెలు చేస్తాను, బాలానగర్‌లో." వెంటనే ఎదుటివారు ఒక ప్రశ్న అడుగుతారు. మా ఇంటి దగ్గర దుకాణంలో పెట్టె అడుగు ఎప్పుడూ జిడ్డుగా ఉంటుందేం అని. అక్కడితో మాట కలిసినట్టే. మీ వాక్యంలో ఒక వస్తువు, ఒక చిక్కు, ఒక చోటు ఉండాలి. గొప్పలు ఉండకూడదు.

కార్డులు పదిహేను చాలు. పెన్ను మరిచిపోకండి. ఆకలితో వెళ్లవద్దు, ఏదైనా తిని వెళ్లండి. ప్లేటు చేతిలో ఉంటే మాట మీద ధ్యాస ఉండదు.

ఐదో అడుగు: సభలో

ఇరవై నిమిషాలు ముందు వెళ్లండి. ఇది నేను చెప్పే సలహాలన్నిటిలోకీ ముఖ్యమైనది. గది నిండాక వెళ్తే అప్పటికే గుంపులు కట్టి ఉంటాయి, కొత్త మనిషికి సందు దొరకదు. ముందు వెళ్తే గదిలో ఆరుగురే ఉంటారు, వాళ్లు కూడా మాట్లాడేవారి కోసం చూస్తుంటారు. నిర్వాహకులకు బ్యాడ్జీలు సర్దడంలో సాయం చేయండి. ఆ తరువాత వచ్చే ప్రతి ఒక్కరూ మీ ముందు నుంచే వెళ్తారు.

ఆలస్యమైతే గుంపులను గమనించండి. ఇద్దరు ఎదురెదురుగా, దగ్గరగా నిలబడి ఉంటే వారి మధ్యకు వెళ్లవద్దు. ముగ్గురు నిలబడి ఒకవైపు ఖాళీ ఉంటే అక్కడ నిలబడి, సాగుతున్న మాట వినండి. వాళ్లు మీ వైపు చూసినప్పుడు పేరు చెప్పండి. ఒంటరిగా స్తంభం పక్కన ఫోను చూసుకుంటున్నవారిని పలకరించడం అన్నిటికంటే సులువు. వాళ్లకు నిజంగా ఫోనులో పనేమీ ఉండదు.

మన తెలుగువాళ్లకు దేవుడిచ్చిన ప్రశ్న ఒకటుంది. నేను వెళ్లిన ఒక సదస్సులో నలభై మందిలో ముగ్గురమే ఆడవాళ్లం. ఎక్కడ నిలబడాలో తెలియక నీళ్ల సీసా పట్టుకుని గోడ పక్కన ఉన్నాను. తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన వచ్చి, "మీది ఏ ఊరమ్మా?" అన్నారు.

"పాలకొల్లు అండీ."

"అయితే నేను మీ పక్కింటివాణ్ణే. మాది నరసాపురం. రండమ్మా, మనవాళ్లను పరిచయం చేస్తాను."

నలుగురికి పరిచయం చేశారు. వారిలో ఇద్దరితో ఇప్పటికీ వ్యాపారం ఉంది. ఊరి పేరు అడగండి, ఆ ఊరిలో మీరు ఎరిగిన చెరువో గుడో ఉంటే చెప్పండి. అక్కడితో ఆగండి. ఇంటిపేరు అడిగి, దాని వెనక కులం ఆరా తీయడం చాలాచోట్ల చూశాను. అది పరిచయం కాదు, వడపోత. ఎదుటివాళ్లకు తెలియదనుకుంటారు గానీ మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది, మనసు మూసుకుపోతుంది. ఈ నగరంలో తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాట్లాడేవాళ్లు ఒకే గదిలో ఉంటారు. ఎదుటివారికి ఏ భాష హాయిగా ఉందో చూసి ఆ భాషలో మాట్లాడండి. తడబడినా ఫరవాలేదు, ప్రయత్నానికే ముఖం విప్పారుతుంది.

పెద్దవారిని, సమవయస్కులను కూడా "గారు" అనే పిలవండి. నిర్వాహకులు చిన్నవయసువారైనా ఏకవచనం వద్దు. స్త్రీల విషయంలో మగవారికి ఒక మాట: మొదటి పరిచయంలోనే సొంత ఫోను నంబరు అడగకండి. మీ కార్డు ఇచ్చి ఊరుకోండి. పని ఉంటే వాళ్లే ఫోను చేస్తారు. ఒంటరిగా వెళ్లే స్త్రీలు సభ ఎన్నింటికి ముగుస్తుందో ముందే అడిగి తెలుసుకోండి, తిరుగు ప్రయాణం ముందే ఖాయం చేసుకోండి. మూడుసార్లు మర్యాద తప్పిన మాట వినిపించిన చోటికి నాలుగోసారి వెళ్లనక్కరలేదు. ఒకచోట నేను అలాగే మానేశాను, దాని వల్ల నాకు నష్టమేమీ జరగలేదు.

ఒక సాయంత్రానికి ఐదుగురితో నిజంగా మాట్లాడితే చాలు.

ఆరో అడుగు: రెండు రోజుల లోపు

అసలు పని సభ అయ్యాకే ఉంటుంది. ఇంటికి వెళ్లేటప్పుడు మెట్రోలో కూర్చుని ప్రతి కార్డు వెనక మూడు ముక్కలు రాసుకోండి: ఎక్కడ కలిశాం, ఏమి మాట్లాడుకున్నాం, ఏమి ఇస్తానన్నాను. "కూతురు పదో తరగతి పరీక్షలు", "నూనె పీల్చని కాగితం నమూనా పంపాలి". రెండు రోజులు దాటితే ఆ ముఖం మీకు గుర్తుండదు, మీ ముఖం వారికి గుర్తుండదు.

సందేశం ఇలా ఉంటే చాలు: "నమస్కారమండీ. బుధవారం రెడ్‌హిల్స్ సదస్సులో కలిశాం, బాలానగర్ అట్టపెట్టెలు. మీరు అడిగిన కాగితం నమూనాలు రెండు రేపు మీ దుకాణానికి పంపుతాను. ఏది పనికొచ్చిందో చెబితే సంతోషం." ధరల పట్టిక జోడించవద్దు. అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చడం, రోజూ పొద్దున్నే శుభోదయం బొమ్మలు పంపడం మంచి పరిచయాన్ని కూడా చంపేస్తాయి.

తరువాత ఒకసారి విడిగా కలవండి. ఇరానీ చాయ్ దొరికే చోట అరగంట, లేదా వాళ్ల పనిచోటుకే వెళ్లి. పనిచోటు ఇంకా మంచిది. ఒక మనిషి తన యంత్రాల మధ్య నిలబడి మాట్లాడేటప్పుడు చెప్పే నిజాలు హోటల్ హాలులో చెప్పరు. ఒక బిస్కెట్ల యూనిట్‌కు అలా వెళ్లినప్పుడు, పెట్టెలు చిరగడానికి కారణం అట్ట కాదని, లారీలో ఎనిమిది వరసలు పేర్చడమని కళ్లారా చూశాను. ఆరు వరసలకు తగ్గించమని చెప్పి వచ్చాను. ఆ రోజు నేను ఏమీ అమ్మలేదు. నాలుగు నెలల తరువాత వాళ్లే పిలిచారు.

ఏడో అడుగు: ఒకరిని ఇంకొకరికి పరిచయం చేయండి

మీరు కోరుకునే పరిచయాలు మీకు దొరకాలంటే, మీరే ముందు ఇతరులను కలపాలి. కానీ ఒక నియమం ఉంది. ఇద్దరినీ విడివిడిగా అడిగి, ఇద్దరూ సరేనన్నాకే నంబరు ఇవ్వండి. ఒక్కరిని అడిగి రెండోవారి నంబరు ఇస్తే, రెండోవారి దృష్టిలో మీ విలువ పడిపోతుంది. పరిచయం చేసేటప్పుడు "మంచి మనిషి" అని వదిలేయకండి, ఎందుకు మంచివారో ఒక పని పేరు చెప్పి చెప్పండి. పని చూడని మనిషికి హామీ ఉండవద్దు. పరిచయం చేసినవారి మీద మీ పేరు కూడా నడుస్తుంది.

ఎనిమిదో అడుగు: సేవా కార్యక్రమాల్లో

ఇక్కడ నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. సేవను వ్యాపారానికి ముసుగు చేసుకోవద్దు. అన్నదానం వరసలో నిలబడినవారితో ఫొటోలు దిగి, ఆ ఫొటోల కింద సంస్థ పేరు వేసుకునేవారిని చూస్తే బాధగా ఉంటుంది. ఆ ప్లేటు అందుకున్న మనిషి ఆ ఫొటోకు ఒప్పుకున్నారా?

కానీ ఒకటి నిజం. చేతులతో కలిసి పనిచేసినచోట పుట్టే పరిచయం, హాలులో చేతులు కలిపితే రాదు.

ఒక మే నెల ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాలులో రక్తదాన శిబిరం. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, వేసవిలో కళాశాలలకు సెలవులు గనుక దాతలు తగ్గుతారు. నన్ను ఫలహారాల బల్ల దగ్గర వేశారు. పక్కన అరవై దాటిన ఒకాయన. రక్తం ఇచ్చి వచ్చినవాళ్లు ఒక మోచేతిని మడిచి పట్టుకుని ఉంటారు, రెండో చేత్తో పండ్లరసం డబ్బా తీసుకుంటారు, స్ట్రా గుచ్చుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. ఆయన అది గమనించి, ఎవరూ చెప్పకుండానే ప్రతి డబ్బాకూ స్ట్రా గుచ్చి, మూతి తుడిచి ఇస్తున్నారు. నేను బిస్కెట్ పొట్లాలు చింపి పెట్టాను. నాలుగు గంటలు అలాగే నిలబడ్డాం. ఎండ గురించి, వాళ్ల మనవరాలి గురించి మాట్లాడుకున్నాం తప్ప ఎవరు ఏమి చేస్తారో అడగలేదు. చివర్లో మిగిలిన డబ్బాలు, పొట్లాలు లెక్కపెట్టి కాగితం మీద రాసి నిర్వాహకులకు ఇచ్చి ఇంటికి వచ్చాను.

ఏడు నెలల తరువాత ఒక మందుల కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఆయన అక్కడ కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారట. నా పేరు ఎందుకు చెప్పారని ఆయన్ని అడిగాను. "మిగిలిన డబ్బాల లెక్క రాసిచ్చిన మనిషి పెట్టెల లెక్కలోనూ తప్పు చేయదనుకున్నానమ్మా" అన్నారు.

మీరే శిబిరం పెట్టదలిస్తే, ముందుగా లైసెన్సు ఉన్న రక్తనిధి కేంద్రాన్ని సంప్రదించండి. రక్తం సేకరించవలసింది వాళ్ల సిబ్బందే, మీరు కాదు. దాతలకు 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. మగవారికి రెండు దానాల మధ్య 90 రోజులు, ఆడవారికి 120 రోజుల ఎడం ఉండాలి. వచ్చినవారిలో కొందరిని పరీక్షించి వెనక్కి పంపుతారు, వాళ్లు చిన్నబుచ్చుకోకుండా పలకరించడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. గాలి ఆడే హాలు, మెట్లు ఎక్కనక్కరలేని చోటు, తగినంత నీరు చూసుకోండి. జూన్ 14, అక్టోబరు 1 రక్తదానానికి గుర్తుగా జరిపే రోజులు, ఆ రెండు రోజులూ శిబిరాలు చాలానే ఉంటాయి. మీరు ఏప్రిల్, మే నెలల్లో పెట్టండి.

నిధుల సేకరణ విందులకు వెళ్లినప్పుడు మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు అడగండి. టికెట్టు డబ్బులో విందుకు ఎంత, పనికి ఎంత? రశీదు ఇస్తారా? మంచి సంస్థ ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది. మనమంతా 80జి అని పిలుచుకునే పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలకు మించి నగదుగా ఇవ్వవద్దు, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. మీరే స్వచ్ఛంద సంస్థ నడుపుతూ కంపెనీల సాయం కోరుతుంటే ఇది తెలిసి ఉండాలి: 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుచేయాలి. ఆ డబ్బుతో కార్యక్రమాలు చేపట్టే సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు, అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర చేయించుకునే నమోదు, ఉండాలి. ఆ నమోదు సంఖ్య లేకుండా ఎంత మంచి పరిచయం ఉన్నా ఫైలు కదలదు.

తొమ్మిదో అడుగు: వలలు

"ఉత్తమ వ్యాపారవేత్త పురస్కారానికి మీరు ఎంపికయ్యారు" అని ఫోను వస్తుంది. తరువాత రుసుము సంగతి చెబుతారు. రెండో ఏడు నేను 15,000 రూపాయలు కట్టాను. హోటల్లో ఒక గాజు జ్ఞాపిక, ఒక ఫొటో ఇచ్చారు. ఆ వేదిక మీద నాతో పాటు డెబ్బై మందికి అదే పురస్కారం. డబ్బు పోయినందుకు కాదు, మా అమ్మ ఆ జ్ఞాపికను ఊళ్లో అందరికీ చూపించినందుకు బాధపడ్డాను. డబ్బు అడిగే పురస్కారం పురస్కారం కాదు.

స్నేహంగా కాఫీకి పిలిచి, మనుషులను చేర్పిస్తే మీకు వాటా అనేవారి నుంచి మర్యాదగా లేచి రండి. నెలకు ఇంత రాబడి ఖాయం అని చెప్పే పెట్టుబడి బృందాలూ అంతే. పరిచయమైన మూడు నెలల లోపు ఎవరికీ అప్పు ఇవ్వవద్దు, ఎవరికీ హామీ సంతకం పెట్టవద్దు.

పదో అడుగు: ఏడాది లెక్క, అవసరమైతే వీడ్కోలు

ఏడాది చివర ఒక పేజీ తీసుకుని రాయండి. రెండు చోట్లకు కలిపి ఎంత ఖర్చయింది, ఎన్ని సాయంత్రాలు వెళ్లాయి. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎంతమంది అయ్యారు. నేను ఎవరికి ఏమి చేశాను, నాకు ఎవరు ఏమి చేశారు. అర్ధరాత్రి యంత్రం ఆగిపోతే ఫోను చేయగల మనిషి ఒక్కరైనా దొరికారా. ఆర్డర్ల సంఖ్య చివర రాయండి, ముందు కాదు.

ఆరు నెలలు మనస్ఫూర్తిగా వెళ్లినా మీ పేరు ఎవరికీ తెలియని చోటు మీది కాదు. వదిలేయండి. కానీ చెప్పకుండా మాయం కావద్దు. నేను ఒక బృందం వదిలినప్పుడు కార్యదర్శికి స్వయంగా చెప్పాను, నా దగ్గరున్న చందా పుస్తకం, మిగిలిన 840 రూపాయలు అప్పగించి సంతకం తీసుకున్నాను. నా స్థానంలోకి రాగల మనిషి పేరు ఒకటి చెప్పాను. ఆ కార్యదర్శి ఈ సంక్రాంతికి కూడా అరిసెలు పెట్టడానికి యాభై పెట్టెలు నా దగ్గరే చేయించుకున్నారు.